ఎలుగుబంటి తల

పిల్లలను భయపెట్టడం సోమ్లీ ఉద్యోగం. జనగామ దాటాక హైదరాబాద్ రోడ్డు పక్కనే ఒక చిన్న పార్కు ఉంది. అందులో సిమెంటుతో కట్టిన భూతాల గుహ. చీకట్లో దడదడలాడుతూ పిల్లల రైలు లోపలికి వచ్చేది. మొదట పైనుంచి ఎముకల గూడు ఊగుతూ దిగేది. తర్వాత ఎర్రబల్బుల కళ్లు, పొడుగాటి కోరలు ఉన్న మంత్రగత్తె తల తిప్పి చూసేది. ఆ రెండూ బొమ్మలేనని పిల్లలకు ఇట్టే తెలిసిపోయేది. హమ్మయ్య అనుకుని నవ్వబోయేలోగా చివరి మలుపులో, చిరిగిన తెల్లచీరలో జుట్టు విరబోసుకుని నిలబడ్డ సోమ్లీ కదిలేది. అప్పుడు లేచే కేక టికెట్ కిటికీ దాకా వినిపించేది.

ఈ ఉద్యోగం ఆమె వెతుక్కున్నది కాదు. భర్త ప్రేమ్‌సింగ్ జనగామ మార్కెట్‌లో బస్తాలు మోసే హమాలీ. పార్కు పెట్టిన కొత్తలో ఆమె అక్కడ ఊడ్చే పనికి కుదిరింది. ఒక పొద్దున తలస్నానం చేసి, జుట్టు ఆరకుండానే వచ్చి గుహ లోపల ఊడుస్తుంటే, చూసుకోకుండా ఎవరో రైలు పంపించారు. చీపురు పట్టుకుని నిలువునా లేచిన మనిషిని చూసి పిల్లలు గుహ అదిరిపోయేలా అరిచారు. బయటికి వచ్చాక, మళ్లీ ఎక్కుతామని ఒకటే గొడవ. పార్కు యజమాని సంజీవ కడుపు పట్టుకుని నవ్వాడు. నర్సింహులపేట వైపు భూములున్న కుటుంబం ఆయనది. వచ్చి ఆమెతో, "సోమ్లీ, రేపటి సంది చీపురు ఇంకొకలకియ్యి. నువ్వు గాడనే నిలబడు" అన్నాడు.

అలా నిలబడిపోయింది. ఏళ్లు గడిచాయి. చిన్నప్పుడు ఆమెను చూసి ఏడ్చిన నాలాంటివాళ్లు తమ పిల్లలను తీసుకొచ్చి "ఆ దయ్యం ఇంకా ఉందా?" అని అడిగేవాళ్లు.

చీకట్లో అంతసేపు ఒక్కదానివీ ఎలా ఉంటావని ఎవరైనా అడిగితే ఆమె నవ్వేది. "చీకటి నన్నేం జేస్తది? గాలి తగిల్తె సాలు" అనేది. ఆ మాటకు అర్థం అప్పట్లో భర్తకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఆమె పుట్టింది కొత్తగూడ అడవిలోని ఒక తండాలో. చిన్నపిల్లగా ఉన్నప్పుడు, పండక్కి గోడలకు పూసే ఎర్రమన్ను కోసం తల్లితోపాటు వెళ్లింది. ఊరూరి ఆడవాళ్లు ఏళ్ల తరబడి తవ్వగా ఆ గుంత గట్టు కిందికి బొరియలా లోతుగా పోయింది. పెద్దవాళ్లు దూరలేరు కాబట్టి సోమ్లీ, ఆమె మేనత్త కూతురు లోపలికి పాకి, మన్ను గీకి గంపలోకి తోస్తున్నారు. ఉన్నట్టుండి పైకప్పు కూలింది. కళ్లు తెరిచినా మూసినా ఒకటే నలుపు. నోటినిండా మన్ను. తన చెయ్యి ఎక్కడుందో తనకే తెలియలేదు. పైన తల్లి ఏడుపు ఎక్కడో దూరం నుంచి వినిపిస్తోంది. "యాడీ" అని అమ్మను పిలవాలని చూసింది. పిలుపు గొంతులోనే ఆగిపోయింది. పార పెడితే పిల్లలకు తగులుతుందని ఆడవాళ్లు చేతులతోనే తోడారు. సోమ్లీని లాగేసరికి ఇంకా ఊపిరి ఉంది. మేనత్త కూతురికి లేదు.

ఆ రోజు నుంచి ఆమె ముఖం మీద ఏదీ పడకూడదు. ఎముకలు కొరికే చలిలోనూ దుప్పటి మెడ వరకే. తలుపు బిగించిన గదిలో నిద్ర పట్టదు. కరోనా రోజుల్లో మాస్కు గడ్డం కిందికి లాక్కుని తిరిగి, పోలీసుల చేత ఎన్ని తిట్లు తిన్నదో. గుహలో ఆమె నిలబడే చోట, యంత్రం బాగుచేసేవాళ్ల కోసం పెట్టిన చిన్న ఇనుప తలుపు ఒకటి ఉండేది. అది ఎప్పుడూ ఓరగా తెరిచి ఉంచేది. అందులోంచి వచ్చే సన్నటి గాలి మెడకు తగులుతుంటే ఆమెకు ధైర్యం. రైలు దగ్గరికి రాగానే తలుపు మూసి, అది వెళ్లిపోగానే మళ్లీ తెరిచేది.

రానురానూ పిల్లలు అరవడం మానేశారు. లోపలికి వస్తూనే ఫోన్లు పైకెత్తేవాళ్లు. "ఆంటీ, జర ఇటు చూడుండ్రి, వీడియో తీస్తున్న" అని ఒకడంటే రైలంతా నవ్వేది. ఫోను వెలుగు ముఖం మీద పడితే దయ్యం కాస్తా పౌడరు పూసుకున్న మామూలు మనిషి అయిపోయేది. కొన్ని ఆదివారాలు రైలు సగం ఖాళీగానే తిరిగింది.

అప్పుడు సంజీవ కూతురు పల్లవి హైదరాబాద్‌లో చదువు ముగించుకుని వచ్చి పార్కు పనులు చేతిలోకి తీసుకుంది. మంచి పిల్ల. బడికి వెళ్లే రోజుల్లో సోమ్లీ ఒళ్లో కూర్చుని మొక్కజొన్న కంకి తిన్న పిల్ల.

"నాయినా, గీ మంత్రగత్తె ఎవలో ఇప్పటి పిల్లలకు తెల్వది. ఎవలని అడిగినా గుమ్మూ పేరే చెప్తరు" అంది తండ్రితో.

గుమ్మూ అంటే ఫోన్లలో వచ్చే ఒక కార్టూన్ ఎలుగుబంటి. నీలం రంగు ఒళ్లు, బూరెల్లాంటి బుగ్గలు. కొండ కింద గుహలో ఉంటాడు. తప్పిపోయిన పిల్లలను వేలు పట్టుకుని ఇంటికి చేరుస్తాడు. అన్నం తినని పిల్లలు కూడా గుమ్మూను చూపిస్తే నోరు తెరుస్తారు. ఆ బొమ్మలు చేసే కంపెనీతో మాట్లాడి పల్లవి అనుమతి తెచ్చింది. భూతాల గుహ గుమ్మూ ఇల్లు కాబోతోందని రోడ్డు మీద పెద్ద ఫ్లెక్సీ కట్టారు.

పని మొదలైంది. ఎముకల గూడును విప్పి దాని తీగలకు రామచిలుకలను వేలాడదీశారు. మంత్రగత్తె కోరలను గ్రైండరుతో కోసేసి, కళ్లద్దాలు పెట్టి, గుమ్మూకు బెల్లం ఉండలు పెట్టే బామ్మగా మార్చారు. కోరలు రాలి పడుతుంటే సోమ్లీ ఒక పక్కన నిలబడి చూసింది. ఇన్నేళ్లు ఆ బొమ్మతో చీకట్లో కలిసి ఉన్న మనిషి ఆమె. తన వంతు ఎప్పుడొస్తుందోనని లెక్కపెట్టుకుంది.

పల్లవే వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. "పరేషాన్ కాకు సోమ్లక్కా. నీ పని ఏడికి పోదు. నువ్వే గుమ్మూవి."

సోమ్లీ తన వైపే వేలు చూపించుకుంది. "నేనా?"

"నువ్వే. పిల్లలు దగ్గరికొస్తె ఎట్ల కదలాల్నో నీకంటె ఎవలకు తెలుసు?"

అట్టపెట్టెలో వేషం వచ్చింది. నీలం బొచ్చు ఒళ్లు, మెత్తటి పంజాలు, వాటి మీద గంగాళమంత తల. లోపల స్పాంజి, పైన ఫైబర్. గుమ్మూ నవ్వే నోటికి ఒక నల్లటి జాలీ. వేసుకున్నవాళ్లు అందులోంచే చూడాలి. తల ఊడిపోకుండా వెనక మెడ దగ్గర క్లిప్పు. దాన్ని పెట్టాలన్నా తీయాలన్నా ఇంకొకరు ఉండాల్సిందే.

రైలు నడిపే యుగేందర్ ఆమె తల మీద దాన్ని దించి క్లిప్పు బిగించాడు. టక్కుమన్న చప్పుడు వినబడింది. మరుక్షణం సోమ్లీకి నోట్లో మన్ను రుచి తగిలింది.

తన ఊపిరే వేడిగా తిరిగి ముఖానికి కొడుతోంది. బయట పల్లవి ఏదో అంటోంది, మాటలు ఎక్కడో దూరం నుంచి వస్తున్నాయి. కాళ్లు వణికాయి. ఆ వణుకుకు ఎలుగుబంటి పొట్ట ఎగిరెగిరి పడింది.

"మస్తుంది అక్కా! గట్లనే ఊగు!" అని పల్లవి చప్పట్లు కొట్టింది.

తల తీసేసరికి ఆమె ముఖమంతా చెమట. "ఉక్కపోస్తుందా?" అని యుగేందర్ అడిగితే తల ఊపింది.

ఆ సాయంత్రం ఇంట్లో, తమ లంబాడీ మాటలో, భర్తకు చెప్పింది. ప్రేమ్‌సింగ్ లేచి తలుపు బార్లా తీశాడు.

"నాతోని కాదని చెప్పు" అన్నాడు.

"చెప్తే ఇంకొకలకు తొడుగుతరు. నేను మళ్ల చీపురు పట్టుకోవాలె."

"పట్టుకో. ఏమైతది?"

చీపురు పట్టుకోవడానికి సోమ్లీకి సిగ్గేమీ లేదు. కానీ రైలు మలుపు తిరుగుతుంటే, పిల్లలంతా తన కదలిక కోసం ఊపిరి బిగబట్టే ఆ ఒక్క క్షణం ఆమెకు కావాలి. దానికోసం ఏ భయాన్నయినా మింగవచ్చు అనుకుంది.

మింగడం అనుకున్నంత తేలిక కాలేదు. రోజూ సాధన. క్లిప్పు చప్పుడయ్యే ముందే ఆమె పళ్లు బిగుసుకునేవి. తల లోపల కళ్లు మూసుకుని, తండా దగ్గరి వాగులో నడుస్తున్నట్టు ఊహించుకునేది. కాసేపటికి వాగు ఎండిపోయేది, ఒడ్డు విరిగి మీద పడేది. ఒకరోజు వేషంలోనే వాంతి వచ్చినంత పనైంది. అన్నం సహించక చిక్కిపోయింది. పల్లవి చూసి, ఎండదెబ్బేమోనని మజ్జిగ తెప్పించింది.

ఆ తర్వాతి రోజు పనికి వచ్చి చూస్తే గుహలో ఆమె పక్కనుండే ఇనుప తలుపు లేదు. దాని మీదుగా ప్లైవుడ్ పలక కొట్టి, గుమ్మూ ఇంటి పొయ్యి, గిన్నెలు, గోడ మీద గడియారం బొమ్మలు గీసేశారు. సోమ్లీ ఆ గడియారం మీద అరచెయ్యి పెట్టి కాసేపు నిలబడింది. గాలి లేదు.

"యుగేందరూ, గీడ తలుపుండె గద?"

"లోపట్నే ఉందక్కా, పలక ఎన్క. బొమ్మకు అడ్డమొస్తుందని మూసినం" అన్నాడతను. పైన రంగురంగుల లైట్లకు తీగలు కలుపుతున్నాడు. పాత తీగకే కొత్తవన్నీ తగిలిస్తున్నాడు. ప్రారంభం ముంచుకొస్తోంది, తీగలు మార్చడం తర్వాత చూద్దామని అందరూ అనుకున్నారు.

వేసవి సెలవులకు ముందు గుమ్మూ ఇల్లు తెరిచారు. టికెట్ కిటికీ ముందు తోపులాట. మధ్యాహ్నానికి మహబూబాబాద్ నుంచి ఒక బడి పిల్లలు బస్సులో వచ్చారు. మొదటి విడత రైలులో చిన్న తరగతి పిల్లలు ఎక్కారు. వాళ్లతోపాటు చివరి పెట్టెలో యమున అనే టీచరు కూర్చుంది.

మలుపులో సోమ్లీ తయారుగా ఉంది. పొద్దుటి నుంచి క్లిప్పు బిగించే ఉంది. ఏదో వాసన తగిలింది. మొదట తన చెమట వాసనే అనుకుంది. తర్వాత రబ్బరు కాలుతున్న వాసన. ఇదంతా భయం చేసే మాయేనని తనకు తాను చెప్పుకుంది. జాలీలోంచి చూస్తే చిలుకల మీది లైట్లు మసకగా కనిపించాయి. ఆ మసక పొగ అని అర్థమయ్యేలోపు పైన ఫట్టుమని మోగింది. యుగేందర్ బయట మెయిన్ ఆపేసినట్టున్నాడు. లైట్లన్నీ ఆరిపోయాయి. రైలు మలుపుకు ముందే ఆగిపోయింది. పిల్లలు ఒక్కసారిగా ఏడుపు లంకించుకున్నారు.

సోమ్లీ పంజాలు విసిరేసి క్లిప్పు కోసం వెనక్కి చేతులు చాపింది. అందలేదు. పొగ జాలీలోంచి లోపలికి వస్తోంది, బయటికి పోవడం లేదు. మళ్లీ ఆ మట్టిగుంత. మళ్లీ ఆ నలుపు. అరిచింది, అరుపు స్పాంజిలో ఇంకిపోయింది. తర్వాత ఏం చేసిందో ఆమెకు సరిగ్గా గుర్తు లేదు. తలను సిమెంటు గోడకేసి బాదింది. మళ్లీ బాదింది. క్లిప్పు విరిగింది. ఎలుగుబంటి తల ఊడి కింద పడింది.

గాలి అందగానే ముందుగా ఆమెకు తోచింది పారిపోవడం. ఆ మాట ఆమె దాచుకోలేదు. "పిల్లలు యాదికి రాలే. నా పానమే యాదికొచ్చింది" అని తర్వాత అందరికీ చెప్పింది. పలక వైపు తిరిగి భుజంతో గుద్దింది. ప్లైవుడ్ పగిలింది. వెనక ఇనుప తలుపును కాలితో తన్నితే గడియ ఊడి తెరుచుకుంది. వెలుగు, గాలి. తల బయటపెట్టి రెండు గుక్కలు పీల్చుకుంది. అప్పుడు లోపలి నుంచి టీచరు దగ్గు వినిపించింది. పిల్లల ఏడుపు వినిపించింది. ఆమె వెనక్కి తిరిగింది.

"ఇటు రాండ్రి బిడ్డా! తలుపు ఈడుంది, రాండ్రి!"

యమున టీచరు ఫోను వెలిగించింది. ఆ వెలుగు సోమ్లీ మీద పడింది. చెదిరిన జుట్టు, నుదుటి నుంచి కారుతున్న రక్తం, చుట్టూ పొగ. "దయ్యం!" అని ఒక పిల్ల కీచుమంది. ఇన్నేళ్లలో సోమ్లీ వినని కేక అది. అందులో సరదా లేదు.

టీచరు దగ్గుతూనే పిల్లలను ఒక్కొక్కరిగా దింపి వెలుగు వైపు తోసింది. సోమ్లీ అందుకుని తలుపులోంచి బయటికి పంపింది. అందరినీ పంపాక టీచరు ఆమె చెయ్యి పట్టుకుంది. "అక్షిత లేదు! పెట్టె దిగి ఉరికింది. ఎన్కకే ఉరికింది!"

ఆ మాట అంటూనే ఆమెకు ఊపిరాడలేదు. సోమ్లీ ఆమెను బయటికి నెట్టి, ఫోను తీసుకుని లోపలికి వెళ్లింది.

పట్టాల వెంట వంగి నడిచింది. పొగ పైన మందంగా ఉంది. బెల్లం బామ్మ బొమ్మ వెనక సందులో రెండు చిన్న చెప్పులు కనిపించాయి. అక్షిత అక్కడ ముడుచుకుని కూర్చుంది.

"రా బిడ్డా."

"రాను! నువ్వు దయ్యం!"

చెయ్యి చాపితే పిల్ల ఇంకా లోపలికి జరిగింది. ఆ సందు మనిషి పట్టేది కాదు. సోమ్లీ బతిమాలింది. తన పేరు చెప్పింది. పిల్ల చెవులు మూసుకుని, "గుమ్మూ కావాలె, గుమ్మూను పిలువుండ్రి" అని ఏడుస్తోంది. పైన చిలుకల స్పాంజి కరిగి బొట్లుబొట్లుగా రాలుతోంది.

సోమ్లీ మలుపు దగ్గరికి పరుగెత్తింది. ఎలుగుబంటి తల పట్టాల పక్కన బోర్లా పడి ఉంది. దాన్ని రెండు చేతులా ఎత్తింది. చేతులు ఆగిపోయాయి. ఆ క్షణం గురించి చెప్పేటప్పుడు ఆమె ఇప్పటికీ కళ్లు మూసుకోదు, తెరిచే ఉంచుతుంది. "మొదాల్నైతె వాళ్లు తొడిగిన్రు. గప్పుడు నేనే తొడుక్కోవాలె గద. నా ఒళ్లు వద్దంటుంది" అంది నాతో.

తొడుక్కుంది. లోపల పొగ వాసన, తన రక్తం వాసన. ఊపిరి బిగబట్టి, గోడ తడుముకుంటూ వెళ్లి సందు ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఫోను వెలుగును నీలం ముఖం మీదికి తిప్పి చెయ్యి చాపింది.

ఏడుపు ఆగింది. కాసేపటికి ఒక చిన్న చెయ్యి వచ్చి ఆమె వేలు పట్టుకుంది. తర్వాత పిల్ల మొత్తం వచ్చి ఆ బొచ్చుకు కరుచుకుంది. సోమ్లీ ఆమెను ఎత్తుకుని లేచింది. తలలోంచి దారి కనిపించలేదు. కాలికి పట్టా తగులుతుంటే దాని వెంటే నడిచింది. ఆ నడక ఎంతసేపు సాగిందో ఆమెకు తెలియదు. "మన్నుల నుంచి మన్నులకు నడుస్తున్నట్టె ఉండె" అంది. బయట ఎవరో పిల్లను అందుకున్నారు. ఎవరో తల లాగేశారు. ఆమె గడ్డిలో పడిపోయింది.

జనగామ దవాఖానలో యమున టీచరుకు, సోమ్లీకి ఆక్సిజన్ పెట్టాలన్నారు. ముఖానికి మాస్కు తేగానే సోమ్లీ నర్సు చెయ్యి విదిలించి కొట్టింది. నలుగురు పట్టుకున్నా ఆగలేదు. ప్రేమ్‌సింగ్ వచ్చి మట్టిగుంత సంగతి చెప్పాకే డాక్టరుకు అర్థమైంది. ముక్కు దగ్గర సన్నటి గొట్టాలు మాత్రం పెట్టి, మంచాన్ని కిటికీ పక్కకు జరిపించాడు.

పల్లవి అక్కడే నిలబడి విన్నది. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్లు వాచాయి.

"నాకెందుకు చెప్పలే అక్కా?"

"నువ్వడగలే, నేను చెప్పలే. గంతె" అంది సోమ్లీ. ఆ గొంతులో కోపం లేదు. అది పల్లవికి ఇంకా కష్టంగా తోచింది.

పార్కు కొన్ని నెలలు మూతపడింది. పాత తీగ సంగతి యుగేందర్ అధికారుల ముందు ఉన్నదున్నట్టు చెప్పాడు. తొందర పెట్టింది తామేనని సంజీవ ఒప్పుకున్నాడు. గుహను కూలగొట్టించాడు. ఇప్పుడు గుమ్మూ ఇల్లు నాలుగు స్తంభాల మీద రేకుల కప్పు. గోడలు లేవు. వేషం వేసే మనిషి వేరు, ఆ తలకు క్లిప్పు లేదు. సోమ్లీ ఆరుబయట పిల్లల ఊయలల దగ్గర పని చేస్తోంది. సెలవుల్లో అక్షిత తల్లిదండ్రులతో వచ్చి ఆమెకు గాజులు ఇచ్చింది. పిల్ల ఆమెను గుర్తుపట్టలేదు. గుమ్మూ ఎక్కడని అడిగితే సోమ్లీ రేకుల కప్పు వైపు చూపించింది.

అంతటి ధైర్యం చేసినదానివి, ఇక భయం పోయి ఉంటుంది కదా అని నేనడిగాను. ఆమె నన్ను వింతగా చూసి, మొన్నటి వానాకాలం సంగతి చెప్పింది.

మహబూబాబాద్‌లో కొత్తగూడ బస్సెక్కారట భార్యాభర్తలు. కాలు పెట్టే సందు లేదు. అడవిలోకి వచ్చేసరికి వాన దంచింది. జనం అన్ని కిటికీలూ మూసేశారు. అద్దాల మీద ఆవిరి పట్టింది. ఎవరిదో తడిసిన గొంగడి ఆమె ముఖానికి తగిలింది. సోమ్లీ "ఆపుండ్రి! ఆపుండ్రి!" అని అరిచింది. కండక్టరు విసుక్కుంటూ విజిల్ వేశాడు. వానలో, ఊరూ వాడా లేని చోట, ఆమె దిగిపోయింది. సంచి నెత్తిన పెట్టుకుని ప్రేమ్‌సింగ్ కూడా దిగాడు. బస్సు వెళ్లిపోయింది.

"ఏమన్నడు ఆయన?" అని అడిగాను.

"ఏమంటడు? ముందట వాగుంది, నీళ్లు పెరగకముందే దాటుదాం, జర జల్ది నడువు అన్నడు" అంది సోమ్లీ.